పుట్టింటి పిలుపు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దవాళ్ళు ఓ సామెత చెప్పి వెళ్ళారు. అంతటితో ఊరుకోకుండా, ఇంట గెలిచి రచ్చ గెలవమని మరో సామెత కూడా దాని పక్కన చేర్చారు. రెండూ కలిపి చూస్తే చిక్కంతా అక్కడే ఉంది. పెరట్లో ఉన్న చెట్టు విలువ ఇంటివాళ్ళకి తెలియనప్పుడు అది ఇంట గెలిచేదెట్లా? పాపం, అది గోడ మీదుగా కొమ్మలు చాచి పొరుగింటివాళ్ళకి కాయలు కాస్తుంది. వాళ్ళు ఆహా ఓహో అన్నాక ఇంటివాళ్ళు గబగబా గోడ దగ్గరికొచ్చి, "ఈ చెట్టు మాదేనండీ, మా తాతగారు నాటారు" అంటారు.

చెట్టుకైతే నోరు లేదు కనుక ఊరుకుంటుంది. మనిషి ఏం చెయ్యాలి? పుట్టిన ఊరు చిన్నచూపు చూసి, లోకమంతా మెచ్చుకున్నాక "రా నాయనా, దండ వేస్తాం" అని పిలిస్తే వెళ్ళాలా, మానాలా? వెళితే అభిమానం లేదంటారు. మానితే ఎంత గర్వమో చూడండి అంటారు.

ఆడవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తదేం కాదు. పుట్టింట్లో ఓసారి మాట పడ్డ ఆడపిల్ల, మళ్ళీ పిలుపొచ్చినప్పుడు పెట్టె సర్దుకోవాలా వద్దా అని సగం రాత్రి ఆలోచిస్తుంది. దక్షుడు యజ్ఞం చేస్తూ కూతుర్నీ అల్లుణ్ణీ పిలవలేదు. అయినా పుట్టిల్లు కదా అని దాక్షాయణి వెళ్ళింది. తర్వాతేమయిందో మీకందరికీ తెలుసు. ఆ కథలో నాకెప్పుడూ తోచే సంగతి ఒకటుంది. తండ్రి తనను పలకరించకపోతే ఆవిడ ఎలాగో ఓర్చుకుంది. తనవాడికి హవిర్భాగం లేదని చూసినప్పుడే ఓర్చుకోలేకపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య అమెరికాలోని ఒక సంగీతోత్సవం గురించి చదువుతుంటే నాకీ కథే గుర్తొచ్చింది. మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లియన్స్ అనే ఊరుంది. జాజ్ సంగీతం పుట్టింది అక్కడే. ఏటా ఏప్రిల్ ఆఖరులోనూ, మే మొదట్లోనూ ఆ ఊళ్ళో గుర్రప్పందాల మైదానంలో జాజ్ ఉత్సవం జరుగుతుంది. లక్షల మంది వస్తారు. ఒక పందిట్లో పాట, ఇంకో పందిట్లో వాద్యాలు, మధ్యలో తిండి దుకాణాలు. మనకిష్టమైన బెండకాయ కూడా అక్కడ ఉంటుంది సుమండీ. గంబో అని ఒక చిక్కని పులుసు చేస్తారు. ఆ పేరు బెండకాయకున్న ఆఫ్రికా పేరు నుంచే వచ్చిందంటారు. బానిసలుగా తెచ్చిన మనుషుల వెంట కూరా వచ్చింది, తాళమూ వచ్చింది.

జాజ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. మన కచేరీలో మనోధర్మం ఉంటుంది కదా, అలాంటిదనుకోండి. ఒక వరస తీసుకుంటారు. బాకా ఊదేవాడు, పియానో వాయించేవాడు, డోలు వాయించేవాడు వంతులవారీగా ఆ వరసని తమకు తోచినట్టు పెంచుకుంటూ పోతారు. ఒకడు వాయిస్తుంటే మిగతావాళ్ళు కింద నుంచి ఊతమిస్తారు. అందరూ కలిసి ఒకే వేదిక మీద, ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటూ వాయిస్తేనే ఆ సంగీతం. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఈ ఊళ్ళో 1901 ఆగస్టు 4న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. కటిక పేదరికం. తండ్రి వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లవాడు బొగ్గుల బండి మీద తిరిగి బొగ్గులమ్మాడు. 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో గాలిలోకి తుపాకీ పేల్చాడని పట్టుకుపోయి నల్లజాతి పిల్లల శిక్షణాలయంలో పెట్టారు. విచిత్రం చూడండి, అక్కడి బ్యాండులోనే ఆ అబ్బాయికి బాకా ఊదడం సరిగ్గా పట్టుబడింది. 1922లో రైలెక్కి షికాగో వెళ్ళాడు. మరి కొన్నేళ్ళకి, జాజ్ అంటే ఆర్మ్‌స్ట్రాంగే అనేంత పేరు వచ్చింది.

1931లో తొమ్మిదేళ్ళ తర్వాత సొంత ఊరు వచ్చాడు. ఊరి చివర ఒక నాట్యశాలలో కచేరీ. లోపల కూర్చునేది తెల్లవాళ్ళు మాత్రమే. ఆయనతో ఆడుకున్నవాళ్ళు, ఆయన్ని ఎత్తుకు పెంచిన ఇరుగుపొరుగువాళ్ళు నల్లవాళ్ళు కనుక బయట నది కరకట్ట మీద నిలబడి, కిటికీల్లోంచి వినిపించినంత విన్నారు. వేల మంది. రేడియోలో కచేరీ ప్రసారం చెయ్యడానికొచ్చిన తెల్ల వ్యాఖ్యాత, ఒక నల్లవాడి పేరు నేను ప్రకటించనని మొండికేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏమీ అనలేదు. తనే ముందుకొచ్చి, తన పేరు తనే చెప్పుకుని బాకా అందుకున్నాడు. పెళ్ళికూతుర్ని పీటల మీదికి తీసుకువచ్చే మేనమామ లేకపోతే, ఆ పిల్ల తనే నడిచొచ్చి కూర్చున్నట్టు!

అప్పటికీ ఆయనకి ఊరి మీద మమకారం పోలేదు. 1949లో ఆ ఊరి పెద్ద పండుగ మార్డీ గ్రా ఊరేగింపులో, నల్లవాళ్ళ సంఘం ఒకటి ఆయన్ని తమ రాజుగా కూర్చోబెడితే పొంగిపోయి వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక తీరిందన్నాడు. అంటే, పిలిస్తే రాని మనిషి కాడు.

కానీ 1956లో ఆ రాష్ట్రంవారు ఒక చట్టం చేశారు. నాట్యాల్లోగాని, వినోదాల్లోగాని, ఆటల్లోగాని తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి పాల్గొనకూడదని. ఆర్మ్‌స్ట్రాంగ్ మేళంలో రెండు రంగులవాళ్ళూ ఉన్నారు. 1947లో ఆ మేళం మొదలైనప్పుడే జాక్ టీగార్డెన్ అనే తెల్లవాడు ఆయన పక్కన నిలబడి వాయించాడు. ఇప్పుడు ఏం చెయ్యాలి? నల్లవాళ్ళని మాత్రమే ఏరుకుని వస్తే పుట్టిన ఊళ్ళో కచేరీ చెయ్యవచ్చు. పెద్ద కష్టమేం కాదు. ఒక్క పూటకి ఇద్దరు మనుషుల్ని మార్చుకుంటే సరిపోతుంది.

ఆయన మార్చలేదు. రాను పొమ్మన్నాడు. తొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో బాకా పట్టుకోలేదు.

నా మనసుకి హత్తుకున్నది ఇదే. తనకి జరిగిన అవమానాన్ని, 1931లో రేడియోవాడు పేరు పలకకపోవడాన్ని, ఆయన నవ్వి దాటేశాడు. తన వెంట వచ్చినవాళ్ళకి చోటు లేదన్నప్పుడు మాత్రం గడప తొక్కనన్నాడు. దాక్షాయణి బాధ కూడా అదే కదా! మనకి జరిగినదాన్ని మన్నించే హక్కు మనకుంది. ఇతరులకు జరుగుతున్నదాన్ని వాళ్ళ తరఫున మనం మన్నించెయ్యడం ఔదార్యం అనిపించుకోదు. మన భోజనం మన ముందుకొచ్చింది కదా అని పక్కవాళ్ళ ఖాళీ విస్తరిని చూడకపోవడమే అవుతుంది.

ఇంకో విషయం. ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ వేదిక మీద ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. కళ్ళు పెద్దవి చేసి, రుమాలుతో ముఖం తుడుచుకుంటూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, అభిమానంలేనివాడు, తెల్లవాళ్ళని సంతోషపెట్టడానికే పుట్టాడు అని సొంత జాతిలోని పడుచువాళ్ళే కొందరు తీసిపారేశారు. నవ్వుతూ తిరిగే మనిషికి కోపం ఉండదనుకోవడం లోకం తీరు. పది మందికి వడ్డించి నవ్వుతూ నిలబడ్డ ఇల్లాలిని చూసి "ఆవిడకేమమ్మా, ఏ బాధా లేదు" అనేవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిది మంది నల్లపిల్లల్ని బడిలోకి రానీయకుండా ఆ రాష్ట్ర గవర్నరు సైనికుల్ని నిలబెట్టినప్పుడు, ఈ నవ్వే మనిషే గవర్నరునీ దేశాధ్యక్షుణ్ణీ కూడా పత్రికలవాళ్ళ ముందు కడిగేశాడు. ప్రభుత్వం పంపుతానన్న రష్యా పర్యటన నాకక్కర్లేదన్నాడు. మా వాళ్ళని ఇక్కడ ఇలా చూస్తూ, నేను పైదేశానికి వెళ్ళి మా ఇల్లు చల్లగా ఉందని ఎలా చెప్పను అన్నది ఆయన ఉద్దేశం.

1964లో అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965 అక్టోబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ తన మేళంతో, రెండు రంగులవాళ్ళతో, పుట్టిన ఊరికి వచ్చి వాయించాడు. ఎవరూ వచ్చి కాళ్ళ మీద పడాలని ఆయన అడగలేదు. తలుపు తెరిస్తే చాలన్నాడు. తెరిచారు, వచ్చాడు.

ఇప్పుడు ఉత్సవం సంగతికొద్దాం. న్యూపోర్ట్ అనే ఊళ్ళో 1954 నుంచీ జాజ్ ఉత్సవం నడిపిన జార్జ్ వీన్ అనే ఆయన్ని, మా ఊళ్ళోనూ అలాంటిది పెట్టమని న్యూ ఆర్లియన్స్ పెద్దలు కొందరు 1962లోనే పిలిచారు. తీరా చూస్తే, వచ్చే కళాకారులందరికీ ఒకే హోటల్లో గదులివ్వరు. అందరూ ఒకే వేదిక ఎక్కకూడదు. ఉత్సవం అక్కడే ఆగిపోయింది. 1965లో మళ్ళీ అనుకున్నారు. అంతలో ఫుట్‌బాల్ పోటీకి వచ్చిన నల్ల ఆటగాళ్ళని ఊళ్ళో టాక్సీలవాళ్ళు ఎక్కించుకోలేదు, క్లబ్బులవాళ్ళు లోపలికి రానీయలేదు. వాళ్ళు ఆడమని వెళ్ళిపోయారు. ఆ పోటీ మరో ఊరికి మారింది. ఉత్సవమూ వెనకబడింది. 1968లో నగరంవారు పెద్ద ఎత్తున జాజ్ ఉత్సవం చేస్తూ వీన్‌ని పక్కన పెట్టారు. ఆయన భార్య జాయిస్ నల్లజాతి స్త్రీ కావడమే కారణమని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అంటే, నల్లవాళ్ళ సంగీతం కావాలి. దాన్ని వినిపించే మనిషి ఇంట్లో నల్లని ఇల్లాలు ఉండకూడదు! వంట బాగుందని లొట్టలు వేస్తూ, వండిన మనిషిని పంక్తిలోకి రానీయకపోవడం మనకి మాత్రం తెలియని ఆచారమా?

చివరికి 1970 ఏప్రిల్‌లో ఉత్సవం జరిగింది. ఎక్కడో తెలుసా? కాంగో స్క్వేర్ అనే మైదానంలో. పూర్వం బానిసలకి ఆదివారం మధ్యాహ్నాలు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, వాళ్ళు చేరి డప్పులు వాయించుకుని ఆడి పాడుకున్నది అక్కడే. 1817లో నగరంవారు, కూడితే గీడితే ఇక్కడే కూడాలని వాళ్ళకి నియమం పెట్టారు. తర్వాత ఆ మైదానానికి, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన ఒక సేనాని పేరు తగిలించారు. 1970లో కూడా కాగితాల మీద ఆ పేరే ఉంది. 2011లో గాని పాత పేరు అధికారికంగా తిరిగి రాలేదు.

ఆ మొదటి ఏడు వచ్చిన జనం సుమారు 350 మంది. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అంతకు రెట్టింపు ఉన్నారంటారు. పెళ్ళివారికంటే వంటవాళ్ళు ఎక్కువన్నమాట! అయినా ఆ పెళ్ళికొక గొప్ప పేరంటాలు వచ్చింది. మహాలియా జాక్సన్.

ఆవిడదీ ఆ ఊరే. 1911లో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే బండెడు చాకిరీ చేయించిన ఇంట్లో పెరిగింది. పదహారో ఏటో ఆ దరిదాపునో షికాగో వెళ్ళి, బట్టలుతికి పొట్ట పోసుకుంటూ గుడిలో పాడింది. తాగే చోట పాడనని, దేవుడి పాటే పాడతానని పట్టుపట్టి, ఆ పాటతోనే ప్రపంచమంతా తిరిగింది. 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ మహోపన్యాసానికి ముందు పాడింది ఆవిడే. అంతటి మనిషి కూడా, దక్షిణ రాష్ట్రాల్లో కచేరీకి వెళ్తే దారిలో అన్నం పెట్టే హోటలు లేక కారులోనే తినడానికి ఏదో ఒకటి వెంట పెట్టుకుని వెళ్ళేది. షికాగోలో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొనుక్కుంటే, కిటికీ అద్దాల్లోంచి తుపాకీ గుళ్ళు పంపి స్వాగతం చెప్పారు.

ఆ రోజు మైదానంలో ఒక బ్యాండుమేళం ఊరేగింపుగా వస్తోంది. ఆ ఊరి ఆచారం ప్రకారం ముందు మేళం, వెనక ఊళ్ళోవాళ్ళు గొడుగులు తిప్పుకుంటూ, రుమాళ్ళు ఊపుకుంటూ నడుస్తారు. శవయాత్రలో కూడా అంతే. వెళ్ళేటప్పుడు బరువుగా వాయిస్తారు, మట్టి చేసి తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారు. మహాలియా అక్కడ ఉండటం చూసి జార్జ్ వీన్ ఆవిడ చేతికి మైకు అందించాడు. ఆవిడ మేళంతో గొంతు కలిపి, భక్తి పాట అందుకుని, జనంతో కలిసి నడిచింది. ఆ ఏడు ఆ ఉత్సవంలోనే డ్యూక్ ఎల్లింగ్టన్ ఆ ఊరి మీద కట్టిన స్వరమాలిక వినిపించాడు. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఒక స్వరచిత్రం, మహాలియాకి ఒకటి పెట్టాడు.

ఇక ఇప్పుడు అసలు ప్రశ్న. తొమ్మిదేళ్ళు రానన్నవాడు గొప్పా, పిలవగానే వచ్చి పాడినావిడ గొప్పా? నన్నడిగితే ఇది పోలిక కాదు. ఆయన మూసి ఉన్న తలుపు ముందు నిలబడ్డాడు. ఆవిడ తెరిచిన తలుపు ముందు నిలబడింది. మూసిన తలుపు ముందు తల వంచకపోవడమూ, తెరిచాక పాత గొళ్ళెం తలుచుకుంటూ వీధిలోనే ఉండిపోకపోవడమూ, రెండూ ఒకే అభిమానానికి రెండు ముఖాలు.

అసలు ఊరు దాటి వెళ్ళనే వెళ్ళని వాళ్ళున్నారు. వాళ్ళ సంగతో? స్వీట్ ఎమా బారెట్ అని ఒకావిడ, 1897లో పుట్టింది. ఎర్ర టోపీ పెట్టుకుని, కాళ్ళకి గంటలు కట్టుకుని పియానో వాయించేది. మన గజ్జెల్లాగా, పాటతోపాటు అవీ మోగేవి. ఊరు విడిచి తిరగడం ఆవిడకంతగా ఇష్టం ఉండేది కాదు. 1961లో తెరిచిన ప్రిజర్వేషన్ హాల్ అనే పాత గదిలో, చెక్కబల్లల మీద కూర్చున్న జనానికి వినిపించేది. 1967లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అయినా కుడిచేత్తోనే వాయిస్తూ వచ్చింది. 1983లో పోయింది.

వెళ్ళినవాళ్ళ అభిమానం కథ అవుతుంది, ఉన్నవాళ్ళ ఓర్పు కథ కాదు. ఇల్లు విడిచి వెళ్ళినావిడ గురించి నాలాంటివాళ్ళు నవలలు రాస్తారు. ఇంట్లో ఉండి, ఆ ఇంట్లోనే తన చోటు గట్టిగా పట్టుకుని, పిల్లలకి రెండు పాటలు నేర్పినావిడ గురించి ఎవరూ రాయరు. కాని ఎమా లాంటివాళ్ళు ఆ చీకటి రోజుల్లో పాటని ఊళ్ళో నిలబెట్టకపోతే, 1965లో ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగి రావడానికి ఊరైతే ఉండేది, పుట్టిల్లు ఉండేది కాదు. తల్లి లేని పుట్టింటికి వెళ్ళినవాళ్ళకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు.

మరి ఊరు మారిందా? ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఇంటిని 1964లో పడగొట్టేశారు. ఆయన 1971 జులై 6న న్యూయార్క్‌లో పోయాడు, సమాధి కూడా అక్కడే. 1980లో న్యూ ఆర్లియన్స్‌లో ఆయన పేరుతో పెద్ద తోట తెరిచారు. ఆ తోట ఉన్న చోట అంతకు ముందు నల్లవాళ్ళ ఇళ్ళుండేవి. ట్రెమే అనే ఆ పాత పేటలో వీధులకి వీధులే పడగొట్టి ఖాళీ చేసిన నేల అది. పాట పుట్టిన వాకిళ్ళు తుడిచేసిన చోట పాటగాడికి విగ్రహం పెట్టారన్నమాట. 2001లో ఊరి విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. మంచిదే. కాని పోయినవాళ్ళని గౌరవించడం చాలా సులువు. వాళ్ళు గది అడగరు, పక్కన కూర్చుంటామనరు.

అందుకే ఆ ఉత్సవంలో నాకు అన్నిటికంటే నచ్చింది వేదికలూ దీపాలూ కావు. ఉత్సవానికి వచ్చే రాబడితో ఒక ధర్మసంస్థ ఆ ఊరి పిల్లలకి ఉచితంగా సంగీతం నేర్పే బడి నడుపుతోంది. బొగ్గులమ్మే పిల్లవాడు ఎవడైనా ఇవాళ ఆ ఊళ్ళో ఉంటే, బాకా పట్టుకోవడానికి శిక్షణాలయం దాకా వెళ్ళక్కర్లేదు. తప్పు చేసిన ఊరు దాన్ని దిద్దుకోవడమంటే ఇదీ అనిపిస్తుంది. చేసిన అవమానం వెనక్కి తీసుకోలేం. అది ఇంకో పిల్లకి జరగకుండా చూడగలం.

పండక్కి పిలిచి చీర పెట్టడం, దండ వేయడం, నలుగురిలో పొగడటం, ఇవన్నీ బాగానే ఉంటాయి. పుచ్చుకునేటప్పుడు కళ్ళు చెమరుస్తాయి కూడా. కాని ఎవరైనా మిమ్మల్ని అలా పిలిచినప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి. మీ వెంట వచ్చినవాళ్ళకి పీట వేశారా? మీ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ ఇంట్లో నోరు తెరిచి మాట్లాడగలుగుతున్నారా? అవునంటే, పాతవి తవ్వుకోకుండా వెళ్ళి హాయిగా నాలుగు రోజులుండి రండి. కాదంటే, పెట్టె విప్పి చీరలు మళ్ళీ బీరువాలో పెట్టేసుకోండి. గర్వమని ఎవరైనా అంటే అననివ్వండి.